తాలు తీగ

ఇంత ఘాటులో బతికే ఎలుక
ఇంకేమీ దొరకనట్టు
లాప్‌టాప్ ఛార్జరు తీగ కొరికింది.
ఇటుకలాంటి అడాప్టరు బాగానే ఉంది.
గోడకీ ఇటుకకీ మధ్య బారెడు తోక,
అదొక్కటే పోయింది.
మార్చి నెల. గుంటూరు యార్డు నిండా తేజ కాయలు.
కాటాలు ఆగవు, బిల్లులు ఆగవు,
కోటిలింగం గారి నోరు అసలే ఆగదు.

లాలాపేట మలుపులో తోపుడుబండి మీద
చుట్టలు చుట్టి పెట్టిన నల్ల తీగలు.
సంచిలోంచి ఇటుక తీసి
మూడు బెజ్జాల మూతి ఒకటి గుచ్చి చూస్తే
టక్కున పట్టింది.
అరవై రూపాయలు.
పట్టిందంటే సరిపోయిందనే అనుకున్నాను.
నా పెళ్ళి ఉంగరం విషయంలోనూ ఇలాగే అనుకున్నాను,
అది వేరే కథ.

రెండు రోజులకి
రేకు అంచుకి మణికట్టు ఆనితే
చీమలు పాకినట్టు చిమచిమ.
మిరప మంటే అనుకున్నాను.
పద్దెనిమిదేళ్ళ గుమాస్తా పనిలో
నా వేళ్ళు మండనిదెప్పుడు గనక?
అన్నం కలిపినా మంటే, కన్ను నలిపినా మంటే.
మంటల్లో మంట,
దాన్ని విడిగా ఏ పద్దులో రాస్తాం?

కాయ మీద నీళ్ళు చిలకరించిన రోజు
తడి గచ్చు మీద ఉత్తకాళ్ళతో నిలబడి
తన బస్తాల లెక్క చూపించబోయి
తెర అంచు పట్టుకున్నాడు హమాలీ ఏసోబు.
"ఓలమ్మో" అని చెయ్యి లాక్కున్నాడు.
ఏసోబు చేతులకి
మిరప మంటంటే ఏమిటో తెలీదు.
అప్పుడు భయమేసింది.

రేడియోల జిలానీ గారి కూతురు హుస్సేన్‌బీ.
కొట్టు ఆరడుగుల వెడల్పు.
తీగని అరచేతిలో ఎగరేసి
"గాలి బరువుంది" అంది.
ప్లగ్గు మీద భూతద్దం పెట్టింది.
ఎన్ని ఆంపియర్లో లేదు, ఐఎస్ఐ గుర్తు లేదు,
చేసినవాడి పేరూ లేదు.
బ్లేడుతో నిలువునా చీల్చింది.

మూడు కాళ్ళ ప్లగ్గుకి రెండే తీగలు.
అవీ వెంట్రుకల్లాంటివి నాలుగేసి పోగులు,
గోకితే రాగి రంగు పోయి తెల్లగా.
పైనున్న లావుపాటి కాలు, ఎర్తుది,
దేనికీ అంటకుండా ఉత్తినే నిలబడి ఉంది
పెళ్ళి ఫొటోలో
ఎవరివైపు వాడో తెలీని మనిషిలా.

సిగ్గేసింది.
బస్తా మూతి చూసి ఏనాడైనా సరుకు కొన్నానా?
నడిమికి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు లాగి,
అడుగున తాలు దాచాడేమోనని
కాయ విరిచి వాసన చూసేవాణ్ణి.
తీగ దగ్గరికొచ్చేసరికి
మూతి పట్టిందని మురిసిపోయాను.

"కంపెనీదే కొనక్కర్లేదన్నా" అంది హుస్సేన్‌బీ.
"వోల్టేజీ సంగతి ఇటుక చూసుకుంటుంది.
ఇది ఉత్త దారి. ఎవరేస్తే ఏం,
లోపల రాగి ఉండాలి, మూడో తీగ ఉండాలి.
ఇటుకకి అవతలుండే సన్న తోక జోలికి మాత్రం పోకు.
అది దానిదే కావాలి."

రెండొందల ఇరవై.
చేతిలో పెడితే బరువు తెలిసింది.
"గంటసేపు పెట్టి తడిమి చూడు.
ఇటుక వెచ్చబడితే మామూలే.
తీగ వేడెక్కితే ముందు స్విచ్చి కట్టెయ్."
మెట్లు దిగుతుంటే వెనకనుంచి మళ్ళీ:
"ఇంతకీ మీ గోడలో ఎర్తుందా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే బోర్డు విప్పిస్తే
పై బెజ్జం వెనక ఒక సాలీడు కాపురం.
అంతే. ఇంకేం లేదు.

కోటిలింగం గారు గొణిగి గొణిగి డబ్బులిచ్చారు.
కొట్టు వెనక గొయ్యి తవ్వి
బొగ్గూ ఉప్పూ పోసి పైపు దించారు.
ఈ ఎండలకి
రోజూ దానికో చెంబెడు నీళ్ళు పోస్తున్నాను.
"ఏం మొక్కేశావయ్యా?" అన్నాడు ఏసోబు.

లోపలికొచ్చి రేకు మీద మణికట్టు ఆనించాను.
చల్లగా, నిమ్మళంగా ఉంది.
వేళ్ళు మండుతున్నాయి.
ఇది మిరపకాయే.